లారీకి స్నానమెక్కడ?

ఆదివారం పొద్దున్నే చాలా వీధుల్లో కనిపించే దృశ్యమే. బకెట్టు నిండా నీళ్లు, ఓ పాత బనియను గుడ్డ, రూపాయి షాంపూ పొట్లం... స్కూటరో కారో గేటు ముందుకొస్తుంది. నాన్న తుడుస్తుంటే పిల్లలు టైర్ల మీద నీళ్లు చల్లుతూ తామే తడిసి ముద్దవుతారు. అరగంటలో బండి తళతళ! లోపలికెళితే వేడివేడి టిఫిను సిద్ధం.

మరి లారీకో? పది టైర్లో పన్నెండు టైర్లో ఉంటాయి. తలెత్తి చూడాల్సినంత ఎత్తులో క్యాబిన్. ఒంటి నిండా నాలుగు రాష్ట్రాల దుమ్ము. దానికి ఇంటి గేటు లేదు, వీధి కుళాయి లేదు, ఆదివారం అసలే లేదు. పోనీ నాలుగు చెంబులు గుమ్మరించి సరిపెట్టుకుందామన్నా అద్దం దాకా కూడా చెయ్యి అందదు. మన ఇంటికి బియ్యం, ఉల్లిపాయలు, సిమెంటు, సిలిండర్లు తెచ్చే ఆ బండి ఎక్కడ స్నానం చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?

డ్రైవర్లు మాత్రం ట్రిప్పు ముగిసిన ప్రతిసారీ ఆలోచిస్తారు. ఎందుకంటే ఆ స్నానానికి పట్టే సమయం ఓనరు ఖాతాలోంచి రాదు, సరుకు యజమాని ఖాతాలోంచీ రాదు. డ్రైవరు నిద్రలోంచి వస్తుంది.

కాలవ గట్టు రోజులు

ఒకప్పుడు లారీకి కాలవే దిక్కు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పెరిగినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. రేవు వాలుగా ఉన్నచోట లారీని ముందు టైర్లు మునిగేదాకా దించేవారు. ఓ పక్క గేదెలు, మరో పక్క చాకిరేవు, మధ్యలో లారీ. క్లీనరు కుర్రాడు నిక్కరు ఎగ్గట్టి బకెట్లతో నీళ్లు విసిరేవాడు. డ్రైవరు గట్టు మీద వేపపుల్ల నములుతూ అక్కడింకా మట్టి ఉందంటూ కేకేసేవాడు. పిల్లలకు అదో తమాషా.

ఆ తమాషా వెనకే ఓ చేటూ ఉంది. లారీ అడుగున ఉండేది మట్టి ఒక్కటే కాదు... గ్రీజు, ఇంజినాయిలు, డీజిలు. అవన్నీ నీళ్లమీద రంగురంగుల తెట్టులా తేలుతూ పోయేవి. దిగువ ఊళ్లవాళ్లు అవే నీళ్లు కావిళ్లతో మోసుకెళ్లేవారు. తాగునీటి కాలవలో బండ్లు కడగడం తప్పని ఊళ్లు గట్టిగా చెప్పడం మొదలుపెట్టాయి. జనం పెరిగారు, గట్లు ఇరుకయ్యాయి, బండ్లు పొడవయ్యాయి. ఆ దారి మెల్లగా మూసుకుపోతూ వచ్చింది. మూసుకుపోవడమే మంచిది కూడా.

తరవాత మిగిలినవి రెండు. ఒకటి ధాబా. బోరు నీళ్లు, ఓ రబ్బరు పైపు. అక్కడ భోంచేస్తే పైపు పట్టుకోనిస్తారు. ధార మెత్తగా వస్తుంది కాబట్టి పై దుమ్ము పోతుంది, అడుగున గట్టిపడ్డ మట్టి మాత్రం కదలదు. రెండోది వాటర్ సర్వీసింగ్. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బండిని ర్యాంపు ఎక్కించి, పంపుతో గట్టిగా కొట్టి, కమాన్ కట్టలకు, జాయింట్లకు గ్రీజు పట్టిస్తారు. పని బాగుంటుంది. కానీ ముందు నాలుగు బండ్లుంటే పూట గడిచిపోతుంది. లోడు ఎక్కించుకోవడానికి రమ్మని ఫోను మోగుతుంటే వరసలో నిలబడేదెలా?

ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. బండిని తిన్నగా లోపలికి తెచ్చి, డబ్బు కట్టి, పైపు తనే అందుకుని, కావాల్సినంత మేరకే కడుక్కుని వెళ్లిపోవడం. హోటల్లో సెల్ఫ్ సర్వీసు లాగే, లారీకి సెల్ఫ్ సర్వీసు స్నానఘట్టం అన్నమాట!

మురికిలో ఎన్ని రకాలో!

కారు మురికి అంటే దుమ్ము. లారీ మురికి అంటే నిన్న మోసిన సరుకు. అదీ తేడా.

సిమెంటు లోడు సంగతే చూడండి. పల్నాడు, జగ్గయ్యపేట, హుజూర్‌నగర్ వైపు ఫ్యాక్టరీల్లో బస్తాలు ఎక్కించిన లారీ దిగేసరికి ఒళ్లంతా బూడిదరంగు పొడి. తెలియనివాడు వెంటనే నీళ్లు కొడతాడు. అంతే... పొడి కాస్తా అక్కడే గడ్డకట్టుకుంటుంది! తెలిసిన డ్రైవరు ముందు చీపురుతో పొడిగా ఊడ్చి, ఆ తరవాతే పైపు పట్టుకుంటాడు.

ఆకివీడు, కైకలూరు, భీమవరం నుంచి చేపలు ఐసు పెట్టెల్లో బెంగాల్‌కీ, అస్సాంకీ పోతాయి. దారి పొడవునా ఐసు కరిగి కారుతూనే ఉంటుంది. ఆ నీచు నీరు బాడీ సందుల్లోకి, చాసిస్ మీదికి దిగుతుంది. కడక్కపోతే వాసన ఒక్కటే కాదు, ఇనుముకు తుప్పు కూడా. తిరుగు ప్రయాణంలో ఇంకో లోడు దొరకాలంటే ఆ వాసన పోయి తీరాలి. లేదంటే ఖాళీ బండితో వందల కిలోమీటర్లు వెనక్కి రావడమే.

గుంటూరు మిర్చి యార్డు లోడుది ఇంకో తంటా. బస్తాల నుంచి రాలిన కారం పొడి బాడీ మూలల్లో పేరుకుంటుంది. వట్టిగా ఊడిస్తే కళ్లు, ముక్కు మంట. అక్కడ ముందు కాస్త తడపాలి. బొగ్గు మోసిన బండిలో మర్నాడు బియ్యం బస్తాలు వేస్తామంటే మిల్లువాడు ఒప్పుకుంటాడా? ఆహార పదార్థాలు మోసే వాహనం శుభ్రంగా ఉండాలని ఆహార భద్రత నిబంధనలే చెబుతున్నాయి. నిబంధన కాగితం మీద ఉంటుంది. బాడీలోకి దిగి, మూలమూలా గీకి కడగాల్సింది మాత్రం డ్రైవరు.

ఒకప్పుడైతే ఈ పనికి క్లీనరు ఉండేవాడు. పేరే క్లీనరు కదా! కడగడం, తుడవడం, టైర్లు తట్టి చూడటం, నిద్ర వస్తుంటే కబుర్లు చెప్పడం, నాలుగేళ్లు పోయాక తనే స్టీరింగు పట్టడం... అదో బడి. ఖర్చు తగ్గించుకోవడానికి ఇప్పుడు చాలా బండ్లను ఒంటరి డ్రైవర్‌తోనే నడుపుతున్నారు. ఇద్దరి పని ఒకరిదైంది. నీళ్లు పట్టేదీ, సబ్బు రుద్దేదీ, మర్నాడు తెల్లవారుజామున స్టీరింగు పట్టేదీ అదే చేతులు.

వెనక లైటు కనిపించాలి

లారీ మురికిగా ఉంటే మనకేంటి అనుకోవచ్చు. రాత్రిపూట హైవే మీద కుటుంబంతో కారులో వెళ్లినవాళ్లకు జవాబు తెలుసు. చీకట్లో ముందు ఏదో నల్లగా ఉంటుంది. లైటు కనిపించదు. దగ్గరికెళ్లేసరికి హఠాత్తుగా లారీ వెనక డోరు! గుండె ఝల్లుమంటుంది.

ఆ లారీకి లైటు ఉండే ఉంటుంది. వెలుగుతూ ఉండి ఉంటుంది కూడా. పైన పేరుకున్న మట్టే దాన్ని మింగేసింది. ముందు తెల్లవి, పక్కన పసుపువి, వెనక ఎర్రవి... లారీలకు మెరిసే టేపులు అంటించాలన్నది నిబంధన. వాటికి సొంత వెలుగు లేదు. వెనకొచ్చే బండి లైటు పడితే దాన్ని తిప్పికొడతాయి. వాటిమీద బురద పొర ఉంటే తిప్పికొట్టేదేముంది?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. ఆ ఏడాది ప్రమాదాల్లో ఐదింట ఒకటికి పైగా వెనక నుంచి గుద్దుకున్నవే. వాటన్నిటికీ మురికి లైట్లే కారణమని ఎవరూ అనరు. కానీ ఒక గుడ్డ, రెండు బకెట్ల నీళ్లతో తగ్గించగలిగిన ముప్పు మాత్రం ఇదొకటి ఉంది. లారీ వెనక లైటు శుభ్రంగా ఉండటం డ్రైవరుకు ఎంత అవసరమో, వెనక కారులో ఉన్న మనకూ అంతే అవసరం.

కడిగితే బయటపడే సంగతులు ఇంకా ఉన్నాయి. కమాన్ కట్టలో విరిగిన ఆకు, చక్రం దగ్గర కారుతున్న ఆయిలు, టైరు పక్కన చిన్న చీలిక... మట్టి కింద ఇవేవీ కనపడవు. కడిగిన బండి తన జబ్బేమిటో తనే చెబుతుంది.

అక్కడెలా ఉంటుంది?

జర్మనీలో లారీలకోసం ఇలాంటి సెల్ఫ్ సర్వీసు కేంద్రాలు ఉన్నాయి. పొడవాటి షెడ్డు. ఇటు నుంచి ప్రవేశం, అటు నుంచి బయటికి. కొన్నిచోట్ల రెండు పక్కలా లారీ ఎత్తున నడిచే ఇనుప వేదికలు ఉంటాయి. వాటి మీద నిలబడి పైకప్పు దాకా కడగొచ్చు. నాణెం వేసినా, కార్డు గీసినా నీళ్లు మొదలు. ముందు సబ్బు నీళ్లు, తరవాత మంచినీళ్లు.

అమెరికాలో ఇంకో పద్ధతి. కాన్సాస్ రాష్ట్రంలో 1973లో మొదలైన బ్లూ బీకన్ అనే సంస్థ హైవేల పక్కన లారీలు కడిగే కేంద్రాలను వందకు పైగా నడుపుతోంది. అక్కడ డ్రైవరు చెయ్యి తడవక్కర్లేదు. సిబ్బందే నిమిషాల్లో కడిగి పంపిస్తారు. ఐరోపాలో ట్యాంకర్లకైతే లోపల ఏ సరుకు ఉండేదో, దేంతో కడిగారో రాసి ధ్రువపత్రం కూడా ఇస్తారు. తరవాత పాలో, నూనెలో నింపేవాడు ఆ కాగితం చూశాకే వాల్వు తిప్పుతాడు.

అవన్నీ ఉన్నదున్నట్టు మన దగ్గరికి తెచ్చి పెట్టమని కాదు. మన బండ్లు వేరు, మన సరుకులు వేరు, మన ఎండలు వేరు. అయితే డ్రైవరు పని మాత్రం ఎక్కడైనా ఒకటే. ఆ పనిని దగ్గరగా చూస్తే చాలు, కోరికల చిట్టా దానంతటదే తయారవుతుంది.

డ్రైవరన్న చిట్టా

రివర్సు వద్దు: మొదటి కోరిక ఇదే. మామూలు లారీ పొడవే 12 మీటర్ల దాకా ఉండొచ్చు. ట్రైలరైతే ఇంకా ఎక్కువ. క్లీనరు లేని బండిని ఇరుకు షెడ్డులోంచి వెనక్కి తీయడమంటే ప్రాణసంకటం. ఇటు దూరి అటు వెళ్లిపోయేలా ఉండాలి. మలుపు దగ్గర గోడ, కరెంటు స్తంభం ఉండకూడదు. కింద గట్టి కాంక్రీటు ఉండాలి. కడిగిన బండి బురదలోంచి బయటికొస్తే కడిగిన సుఖమేముంది?

ధారలో దమ్ముండాలి: మట్టిని కదిలించేది నీళ్ల పరిమాణం కాదు, వేగం. అయితే ఆ వేగం ఎక్కడ వాడకూడదో కూడా రాసి పెట్టాలి. టైరుకు కనీసం అడుగు దూరం నుంచే కొట్టాలి. రేడియేటర్ రేకుల మీద, వైర్ల కనెక్షన్ల మీద, చక్రాల బేరింగు సీళ్ల మీద తిన్నగా కొట్టకూడదు. ఘాట్ దిగొచ్చిన బండికి బ్రేకు డ్రమ్ములు కాలిపోతుంటాయి. వాటిమీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. కాసేపు చల్లారనివ్వాలి. కడిగాక బయల్దేరేటప్పుడు మెల్లగా నాలుగుసార్లు బ్రేకు తొక్కి తడి ఆరిందో లేదో చూసుకోవాలి.

పైకి అందాలి: ఇప్పుడు ఏం చేస్తున్నారు? బంపరు మీద ఓ కాలు, టైరు మీద ఓ కాలు. సబ్బు నురగ మీద చెప్పు జారితే నడుము విరుగుతుంది. చేతిపట్టీ ఉన్న ఇనుప మెట్లు, ఓ వేదిక, పొడుగు కర్రకు మెత్తటి బ్రష్షు... పెద్ద ఖర్చేం కాదు. ఒక మనిషి నడుము కన్నా ఎక్కువా?

మీటరు నిజాయతీగా ఉండాలి: నిమిషాల లెక్కన డబ్బు తీసుకుంటే గడియారం పెద్దగా, ఎండలోనూ కనిపించేలా ఉండాలి. సబ్బు రుద్దుతున్నంతసేపూ నీళ్లు ఆపితే మీటరూ ఆగాలి. అయిపోయేముందు ఓ గంట మోగాలి. ఒళ్లంతా సబ్బుతో ఉన్నప్పుడు నీళ్లు ఆగిపోతే ఎలా ఉంటుందో మనకు తెలియందా! అక్కడ లారీ పరిస్థితీ అంతే. క్యూఆర్ కోడ్‌తోనూ, నోట్లతోనూ రెండు రకాలుగా కట్టే వీలుండాలి. అర్ధరాత్రి ఫోను చార్జింగు అయిపోయినవాడు ఏం చేస్తాడు?

రసీదు కావాలి: చిన్న కాగితం ముక్కే, విలువ మాత్రం పెద్దది. బండి నంబరు, తేదీ, కట్టిన సొమ్ము ఉన్న రసీదు ఉంటే ఓనరు లెక్కలో రాసుకుంటాడు. లేదంటే ఆ డబ్బు డ్రైవరు బత్తాలోంచి పోయినట్టే. పిల్లాడి పుస్తకాలకో, ఇంట్లో కూరగాయలకో పంపాల్సిన డబ్బది. తిండి సరుకు ఎక్కించేచోట కూడా బాడీ కడిగించినట్టు చూపడానికి ఆ కాగితమే సాక్ష్యం.

రాత్రీ తెరిచే ఉండాలి: లారీకి రాత్రే పగలు. పట్నాల్లోకి పగటిపూట లారీలను రానివ్వని చోట్ల డ్రైవరు బయట గంటలకొద్దీ ఆగాల్సిందే. ఆ ఆగే సమయంలోనే కడుక్కునే వీలుంటే ఇంక నష్టమే లేదు. మంచి లైట్లు, కెమెరా, ఒక కాపలా మనిషి ఉండాలి. డీజిలు, టార్పాలిన్ పట్టా, స్పేర్ టైరు మీద ఓ కన్నేసి ఉంచుతూ కడగాల్సిన పరిస్థితి ఉండకూడదు.

నీళ్లెక్కణ్నుంచి?

ఇక్కడో న్యాయమైన ప్రశ్న ఉంది. వేసవిలో బిందెడు నీళ్ల కోసం ట్యాంకరు ముందు జనం నిలబడే మన ఊళ్లలో లారీలకు స్నానాలా? 2024 మార్చిలో నీటి కరవు ముంచుకొచ్చినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించింది. కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది.

లెక్క చూస్తే సెల్ఫ్ సర్వీసు కేంద్రమే నయం. నిమిషానికి 50 లీటర్లు పోసే మామూలు పైపుతో 20 నిమిషాలు కడిగితే వెయ్యి లీటర్లు. నిమిషానికి 15 లీటర్లే వాడే ప్రెషరు యంత్రంతో అదే 20 నిమిషాలకు 300 లీటర్లు. పైగా నిమిషాల లెక్కన డబ్బు కట్టేవాడు నీళ్లు ఊరికే వదిలేయడు.

ఆ 300 లీటర్లలోనూ చాలా భాగం మళ్లీ వాడుకోవచ్చు. కడిగిన నీళ్లు వరసగా మూడు గదుల తొట్టిలోకి పోవాలి. మొదటి గదిలో ఇసుక, మట్టి అడుక్కి దిగుతాయి. రెండో గదిలో నూనె పైకి తేలుతుంది. అడుగు నుంచి పోయే నీళ్లు మూడో గదికి చేరతాయి. వాటిని వడగట్టి చక్రాలకు, చాసిస్‌కు కొట్టొచ్చు. చివర్లో అద్దాలకు, క్యాబిన్‌కు మాత్రమే కొత్త నీళ్లు చాలు. పైన తేలిన నూనెను తీసి వేరుగా అప్పగించాలి. ఏళ్లతరబడి కాలవలో కలిసిన ఆ రంగురంగుల తెట్టు ఇక్కడ తొట్టిలోనే ఆగిపోతుంది. షెడ్డు రేకుల మీద పడే వాన నీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది.

డీజిలు చల్లి అడుగు భాగం కడిగే పాత అలవాటుకూ ఇక్కడ స్వస్తి చెప్పొచ్చు. మెరుపు వస్తుందనే మాటే కానీ డీజిలు రబ్బరు బుష్‌లను తినేస్తుంది, నేలను పాడుచేస్తుంది.

మరి ఆయనకో?

జాతీయ రహదారుల పక్కన ప్రయాణికుల వసతుల మాట ఈమధ్య గట్టిగానే వినిపిస్తోంది. ప్రభుత్వరంగ చమురు కంపెనీలు లారీ డ్రైవర్ల కోసం ‘అప్నా ఘర్’ పేరుతో పెట్రోలు బంకుల దగ్గర విడిది గృహాలు కట్టాయి. 2025 జులై 1 నాటికి దేశం మొత్తమ్మీద అలాంటివి 368 ఉన్నాయి. వాటిలో పడకలు 4,611. పడక, వంట చేసుకునే చోటు, మరుగుదొడ్డి, స్నానాల తొట్టి... మంచి పనే. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది. అదీ మంచిదే.

ఆ విడిది పక్కనే బండి కడిగే షెడ్డు కూడా ఉంటే? టోల్‌ గేట్ల దగ్గర లారీలు ఆగేచోట, రేవుల బయట, మిర్చి యార్డుల పక్కన, చేపల లారీలు ఖాళీ అయ్యేచోట ఒక్కొక్కటి ఉంటే? బండి ఆరేలోగా ఆయనా స్నానం చేస్తాడు. ఉతికిన లుంగీ ఆరేస్తాడు. ఇంటికి ఫోను చేస్తాడు. అన్నం తింటాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, పడుకుంటాడు.

డ్రైవరు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పనిచేస్తే చాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం గీత గీసింది. ఆ చట్టం తరవాత కొత్త కార్మిక కోడ్‌లో కలిసింది. రోజుకు 8 గంటలన్న మాట అందులోనూ ఉంది. కానీ లోడు కోసం ఎదురుచూసిన గంటలు, బండి కడిగిన గంటలు ఆ ఎనిమిదిలో ఎవరైనా లెక్క వేస్తున్నారా? స్టీరింగు ముందు గడిపిందే పని, మిగతాదంతా విశ్రాంతి అనుకుంటాం. నడుం వంచి రెండు గంటలు చాసిస్ కడగడం విశ్రాంతి ఎలా అవుతుంది? ఆ రెండు గంటల పని అరగంటలో ముగిస్తే మిగిలే గంటన్నర... కునుకు ఆపుకుంటూ నడిపే డ్రైవరుకూ, హాయిగా కునుకు తీసి లేచిన డ్రైవరుకూ మధ్య తేడా అదే కావచ్చు.

ఏడాదికోసారి దసరా వస్తుంది. ఆ రోజు లారీ పెళ్లికూతురే! శుభ్రంగా కడిగి, బొట్లు పెట్టి, మామిడాకులు, బంతిపూల దండ కట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, హారన్ మోగిస్తారు. అన్నం పెట్టే బండి మీద డ్రైవర్లకుండే భక్తి అది. ఆ ఒక్క రోజుకు నీళ్లు ఎక్కణ్నుంచో ఎలాగో దొరుకుతాయి.

మిగతా 364 రోజులకూ దొరికితే చాలు. ఈసారి రాత్రి ప్రయాణంలో ముందు వెళ్లే లారీ ఎర్రలైటు దూరం నుంచే స్పష్టంగా కనిపిస్తే, దాన్ని ఎవరో ఎక్కడో చేతులారా కడిగారని గుర్తు చేసుకోండి. కడిగినవాడు తరవాత కాసేపు పడుకున్నాడు కూడా అనుకోగలిగితే, మన ప్రయాణానికీ అంతకన్నా భరోసా ఏముంటుంది!